ఇంటికప్పు – ట్రస్సుల ఎడము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగపాఠము)



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిన మాట మీ యందరికిని తెలిసినదే. శంకుస్థాపనకు ముహూర్తము చూతుము. ద్వారబంధము నిలుపునాడు గడపకు పసుపు కుంకుమలు పెట్టి నలుగురిని పిలుతుము. కాని గోడలు లేచిన పిమ్మట మేస్త్రీ పైకెక్కి, కప్పు మోయు ట్రస్సులు ఎక్కడెక్కడ కూర్చుండవలెనో సుద్దతో గీతలు గీయునపుడు ఇంటివారెవ్వరును అక్కడ నుండరు. ఆ పనికి పట్టు కాలము అరగంట. ఆ అరగంటలో జరిగిన పొరపాటు ఆ కప్పు నిలిచి యున్నంత కాలము ఇంటివారిని బాధించును. నేడు మేము మీతో చెప్పదలచినది ఆ గీతలను గురించియే.

నేడు పల్లెలలో డాబాలు హెచ్చినవి. ట్రస్సులతో పని యేమి అని మీలో కొందరు అడుగవచ్చును. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల కర్మాగారమును నెలకొల్పిన పిమ్మట దక్షిణదేశమంతట వ్యాపించిన మంగుళూరు పెంకుటిండ్లు నేటికిని మన గ్రామములలో నున్నవి. వానికి కప్పు మార్చవలసి వచ్చుచునే యున్నది. సంత షెడ్డు, ధాన్యపు షెడ్డు, బడి భోజనశాల మొదలగు వానికి ఇనుప ట్రస్సులు ఎత్తుచునే యున్నారు. కొయ్య యైనను, ఇనుము అయినను గుర్తు పెట్టు విధానము ఒక్కటే.

ట్రస్సు అనగా గోడనుండి గోడకు అడ్డముగా నిలుచు త్రికోణపు చట్రము. ఒక ట్రస్సు మీదినుండి మరియొక ట్రస్సు మీదికి ఇంటి పొడవున సాగు దూలములను పర్లిన్లు అందురు. పర్లిన్ల మీద వాసములు, వాసముల మీద రీపర్లు, రీపర్ల మీద పెంకులు వచ్చును. ఇంటి రెండు చివరల గోడలు త్రికోణముగా వెన్నువరకు లేచియున్నచో అక్కడ ట్రస్సు అక్కరలేదు. పర్లిను కొనలు ఆ గోడలపైననే కూర్చుండును.

ఒక యింటి కథ

కొన్ని యేండ్ల క్రిందట మేము ఒక గ్రామములో ఒక పెంకుటింటిని చూచితిమి. కూలి చేసి కూడబెట్టిన సొమ్ముతో భార్యాభర్తలు కట్టుకొన్న యిల్లు అది. చివరి గోడల మధ్యరేఖ నుండి మధ్యరేఖకు 9.60 మీటర్ల పొడవు. నడుమ మూడు ట్రస్సులు, అనగా ఒక్కొక్కటి 2.40 మీటర్ల చొప్పున నాలుగు ఎడములు రావలెను. కొయ్య మంచిది, వడ్రంగి నేర్పరి, పెంకులు ఏరి కొన్నవి. కాని గుర్తులు పెట్టిన మనిషి టేపు తేలేదు. అంతకు ముందు కట్టిన ఇంటికై కోసిన కొలకఱ్ఱ ఒకటి అక్కడ పడియుండెను. దాని పొడవు 2.20 మీటర్లు. పడమటి గోడనుండి ఆ కఱ్ఱను మూడు మార్లు దొర్లించి మూడు గీతలు గీసెను. మూడు ఎడములు 2.20 చొప్పున వచ్చినవి. మిగిలిన నాలుగవ ఎడము 3.00 మీటర్లు అయినది.

ట్రస్సులు ఎత్తిన తరువాత గాని ఈ సంగతి తెలియలేదు. 2.40 మీటర్ల ఎడమునకు కోయించిన పర్లిన్లు ఆ చివరి ఎడమునకు అందలేదు. ట్రస్సులు దింపుటకు మనసొప్పక, నడుమ గాలిలో అతుకు వేసి మేకులు కొట్టి పని కానిచ్చిరి. మొదటి వానకాలము ఎట్లో గడచినది. రెండవ వానకాలమునకు ఆ తావున కప్పు దోసిలివలె లోనికి వంగినది. మంగుళూరు పెంకు ఒకదాని గాడిలో మరియొకటి కూర్చుండిననే నీరు నిలువరించును. కప్పు వంగగనే గాళ్లు విడిపోయినవి. ఆ క్రిందనే వారి ధాన్యపు బస్తాలుండెను. తుదకు ఆ భాగమున పెంకులన్నియు దింపి, 3.00 మీటర్ల ఎడము నడుమ మరియొక ట్రస్సు చేయించి ఎత్తవలసి వచ్చెను. ఒక ట్రస్సు ఖరీదు, రెండు కూలులు, ఒక యేటి గింజలు ఆ కొలకఱ్ఱకు బలియైనవి.

బెత్తెడు తప్పునకు ఇంత ఫలమేల?

దీనికి లెక్క కలదు. పర్లిను మీద పడు భారము మీటరుకు ఇంత యని సమానముగా నున్నపుడు, ఆధారముల నడుమ దూరము పెరిగిన కొలది కొయ్యపై పడు వంపు బలము దూరపు వర్గము చొప్పున పెరుగును. కొయ్య క్రిందికి దిగు కొలత దూరపు నాలుగవ ఘాతము చొప్పున పెరుగును. 2.40 స్థానమున 3.00 మీటర్లు వచ్చినచో దూరము పెరిగినది నాలుగింట ఒక వంతు మాత్రమే. కాని వంపు బలము ఒకటిన్నర రెట్లు దాటును; దిగుడు సుమారు రెండున్నర రెట్లగును. అదియు అతుకులేని కొయ్యకు. గాలిలో అతికిన కొయ్య సంగతి చెప్పనక్కరలేదు.

కప్పు బరువును గూడ తలచి చూడుడు. రీపర్లతో కూడిన మంగుళూరు పెంకుకప్పు చదరపు మీటరుకు సుమారు 65 కిలోగ్రాములు తూగును. మనము చెప్పుకొన్న ఇంటికి లోపలి వెడల్పు 6 మీటర్లు, చూరు ఇరువైపుల అరమీటరు, వాలు రెండింట ఒకటి అనుకొందము. అపుడు 2.40 మీటర్ల ఎడమునకు ఒక ట్రస్సు మోయు కప్పు సుమారు 20 చదరపు మీటర్లు. దాని బరువు సుమారు 1,300 కిలోలు. అందులో సగము, అనగా 650 కిలోలు, ఒక్కొక్క గోడపై జానెడు చోటున దిగును. కొయ్య బరువు దీనికి అదనము.

ఇది క్రిందికి దిగు భారము. పైకి లేపు భారము వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణముపై విరుచుకుపడిన హుద్‌హుద్ తుపానును ఎరిగిన వారికి గాలి బలమును గురించి మేము వర్ణింప నక్కరలేదు. భారత ప్రమాణముల ననుసరించి విశాఖపట్టణము, విజయవాడలకు లెక్కలో తీసికొను మూల గాలివేగము సెకండుకు 50 మీటర్లు. హైదరాబాదుకు 44 మీటర్లు. 50 మీటర్ల వేగమున వచ్చు గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇదంతయు కప్పును పైకే లేపదు. అయినను చూరుల వద్దను, అంచుల వద్దను లేపు బలము పెంకుల బరువును మించవచ్చును. కావున ట్రస్సు సరియైన తావున కూర్చుండుట యెంత ముఖ్యమో, ఆ తావున గోడలో దానిని పట్టి యుంచు బోల్టు ఉండుటయు అంత ముఖ్యము. గుర్తు తప్పినచో బోల్టును తప్పును.

మొదట కాగితముపై గుర్తు

గుర్తులు గోడపై గాక మొదట కాగితముపై పెట్టవలెను. కింగ్ పోస్టు ట్రస్సు అను సాధారణపు కొయ్య ట్రస్సు 5 మొదలు 8 మీటర్ల వెడల్పునకు తగినది. దాని ఎడము 3 మీటర్లు దాటరాదని నిర్మాణ గ్రంథములు చెప్పును. ఇది మీరరాని హద్దే గాని కోరవలసిన కొలత కాదు. ఇనుప ట్రస్సులకు ఎడమును ఇంజనీరు లెక్కకట్టి యిచ్చును.

9.60 మీటర్లను 3 చేత భాగింపగా మూడుకంటె కొంచెము హెచ్చు వచ్చును. అట్టిచో పై సంఖ్యయగు నాలుగును తీసికొనవలెను. 9.60ని నాలుగు భాగములు చేసిన 2.40 వచ్చును. అన్ని ఎడములును సమానముగా నుండవలెను. ఇక్కడ అనేకులు పొరబడుదురు. నాలుగు ఎడములు గనుక నాలుగు ట్రస్సులు అని వడ్రంగికి చెప్పివత్తురు. నాలుగు ఎడములకు హద్దులు అయిదు. చివరి గోడలు రెండును హద్దులైనచో ట్రస్సులు మూడే. షెడ్డునకు వలె చివరి గోడలు లేనిచో ట్రస్సులు అయిదు. చేతివ్రేళ్లు చూచుకొన్నచో ఈ లెక్క మరపురాదు: వ్రేళ్లు అయిదు, సందులు నాలుగు.

పిమ్మట తలుపులును కిటికీలును ఎక్కడ వచ్చునో చూడవలెను. ట్రస్సు పాదము కిటికీ నెత్తిన పడరాదు; 650 కిలోలు గట్టి గోడపై దిగవలెను. గోడలు లేవకముందే కాగితముపై ఈ తగవు తీర్చుకొన్నచో కిటికీని అటునిటు జరుపవచ్చును. కిటికీ కట్టిన తరువాత జరుపవలసినది ట్రస్సు అగును. అపుడు ఎడములు చెడును. వేరు దారి లేనిచో ఆ కిటికీపై దూలమును ఇంజనీరు చెప్పిన కొలతకు వేయింపవలెను. ట్రస్సు పాదము క్రింద ఇటుకపై నేరుగా గాక కాంక్రీటు దిమ్మె గాని, గోడల పైవరుసన చుట్టును సాగు కాంక్రీటు పట్టె గాని ఉండవలెను. భూకంపమునకును గాలికిని ఈ పట్టెయే మేలు. బోల్టు కొక్కెమును పట్టెలోని ఇనుప చువ్వల క్రిందికి తగిలింపవచ్చును.

మూలలు చూచిన పిదపనే కొలత

గోడపైకెక్కిన తరువాత మొదట చూడవలసినది ఇల్లు చదరముగా ఉన్నదా యని. 23 సెంటీమీటర్ల గోడలైనచో మన ఇంటి వెలుపలి పొడవు 9.83, వెడల్పు 6.46 మీటర్లు. ఒక మూలనుండి ఎదుటి మూలకు టేపు పట్టినచో 11.76 మీటర్లు రావలెను. రెండవ కర్ణమును అంతే రావలెను. కర్ణములలో 5 సెంటీమీటర్ల భేదము వచ్చినచో, ఈ కొలతల ఇంటిలో ఒక పొడవు గోడ రెండవదానికంటె సుమారు 3 సెంటీమీటర్లు ముందునకు జరిగియున్నదని అర్థము. అపుడు రెండు గోడలపైనను వాని వాని చివరలనుండి కొలిచినచో ట్రస్సులన్నియు వాలుగా కూర్చుండును.

అట్టిచో చేయవలసిన దేమి? మొదటి ట్రస్సు గుర్తునొద్ద ఒక గోడపై నిలిచి, 3, 4, 5 మీటర్ల త్రికోణముతో లంబము తీసి, ఎదుటి గోడపై గుర్తు పెట్టవలెను. తక్కిన ట్రస్సులను ఈ మొదటిదానికి సమానాంతరముగా కొలుచుకొని పోవలెను. మిగిలిన వంకరను చివరి గోడల ప్రక్క ఎడములలోనికి నెట్టివేయవలెను. అక్కడ పర్లిను కొన గోడలో ఒకింత లోతుగా గాని, ఒకింత తక్కువగా గాని కూర్చుండును, అంతియే. ట్రస్సులు మాత్రము ఒకదానికొకటి వంకర కారాదు.

ఒక్క మొదలు, ఒక్క టేపు

ఇక గుర్తులు. టేపు మొదలును పడమటి గోడ వెలుపలి అంచున తగిలించి, తీయకుండ తూర్పు అంచువరకు సాగదీయవలెను. గోడ సగము మందము 11.5 సెంటీమీటర్లు గనుక మొదటి ట్రస్సు మధ్యరేఖ 2.515, రెండవది 4.915, మూడవది 7.315 మీటర్ల వద్ద వచ్చును. గుర్తులు పెట్టిన పిదప తూర్పు అంచునుండి వెనుకకు కొలిచి చూడవలెను. మూడవ గుర్తు తూర్పు అంచునకు 2.515 మీటర్ల దూరమున నున్నచో పని సరియైనది.

గుర్తునుండి గుర్తుకు టేపు మార్చి మార్చి కొలువరాదు. ఒక్కొక్క మార్పునకు ఒక్క సెంటీమీటరు జారినను మూడవ గుర్తునకు మూడు సెంటీమీటర్లు జారును. పర్లినుల అతుకులు ట్రస్సు మధ్యరేఖపైననే రావలెను. ట్రస్సు పైకొయ్య మందము 10 సెంటీమీటర్లు మాత్రమే. రెండు పర్లిన్లు చెరి సగము పంచుకొన్నచో ఒక్కొక్కదానికి దొరకు ఆనిక 5 సెంటీమీటర్లు. అందులో మూడు పోయినచో మిగులునది ఎంత?

1956 నాటి తూనికలు కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి వచ్చినను మన మేస్త్రీల నోట అడుగులును అంగుళములును నేటికిని పోలేదు. అందు తప్పులేదు. కాని పటములో 2.40 మీటర్లని యున్నదానిని ఎనిమిది అడుగులని చెప్పుకొనుట తప్పు. 2.40 మీటర్లు అనగా 7 అడుగుల పదిన్నర అంగుళములు. ఎనిమిది అడుగులని కొలిచినచో ఎడమునకు సుమారు 4 సెంటీమీటర్లు హెచ్చును. మూడవ ట్రస్సు వద్దకు పోవునప్పటికి పదకొండు సెంటీమీటర్లు దాటును. తాపీమేస్త్రీ మీటర్లలోను, వడ్రంగి అడుగులలోను కొలిచినచో బోల్టు ఒకచోట, ట్రస్సు రంధ్రము మరియొకచోట వచ్చును. కావున రెండు పనులకు ఒకే టేపు, అదియు ఉక్కు టేపు, వాడవలెను. సాగిన గుడ్డటేపును, మొదటి అంగుళము తెగిన టేపును పారవేయుడు.

మధ్యరేఖ గీసిన తరువాత దానికి ఇరువైపుల 5 సెంటీమీటర్లకు రెండు అంచు గీతలు గీసి, వాని నడుమ గుణకారపు గుర్తు వేయవలెను. ఒక్క గీతయే యున్నచో ట్రస్సును గీత మీద పెట్టవలెనా, గీతకు కుడివైపు పెట్టవలెనా, ఎడమవైపు పెట్టవలెనా యని పైకెత్తువారికి తెలియదు. గుణకారపు గుర్తు ఉన్నచోటనే కొయ్య కూర్చుండవలెనని చెప్పినచో చదువురాని కూలివానికిని సందేహముండదు. సుద్ద వానకు కరగిపోవును గనుక గీతలను కావిరంగుతో గాని, మేకుతో గీరి గాని నిలుపవలెను.

ఎడము సరిపోయిన చాలదు, మట్టమును సరిపోవలెను. నీరు నింపిన సన్నని పారదర్శక గొట్టముతో ఆరు పాదముల మట్టమును చూడవలెను. ఒక దిమ్మె క్రిందికి దిగినచో వెన్ను అలవలె వంకరపోవును. ట్రస్సు ఎత్తిన పిమ్మట తూకపుగుండుతో నిలువు చూచి, క్రింద ఉన్న ఎడమే పైన వెన్నువద్దను ఉండునట్లు ఒక బద్దపై 2.40 మీటర్ల గుర్తులు పెట్టి దానిని తాత్కాలికముగా మేకులతో బిగింపవలెను. పర్లిన్లు బిగియు వరకు ఆ బద్దయే ట్రస్సులు ప్రక్కకు ఒరిగి పడకుండ కాపాడును. మొదటి ట్రస్సునకు నేలనుండి ఊతకఱ్ఱలు తప్పక పెట్టవలెను. పైన పనిచేయు వారి ప్రాణములు వానిపై ఆధారపడి యుండును.

మీ పని యేమి?

మేస్త్రీ పని మేము చేయవలెనా యని మీరు అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిలు 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో గ్రామీణ గృహవసతి యొకటి. మీ గ్రామములో ఎవరు ఇల్లు కట్టుకొన్నను నలుగురిలో మొదట సలహా అడుగునది మిమ్ములనే. పంచాయతీ షెడ్డు కట్టించునది మీరే. మీరు సుత్తి పట్టనక్కరలేదు. గుర్తులు పెట్టునాడు ఒక సభ్యుడు గాని, సభ్యురాలు గాని అరగంట అక్కడ నిలిచి అయిదు ప్రశ్నలు అడిగిన చాలును.

కర్ణములు రెండును కొలిచితిరా? ఎడములన్నియు సమానమేనా? గుర్తులన్నియు ఒక్క మొదలునుండియే వచ్చినవా? ఏ ట్రస్సు పాదమైనను కిటికీ నెత్తిన ఉన్నదా? కాంక్రీటు గట్టిపడకముందే ప్రతి పాదము వద్దను బోల్టు నిలిపితిరా?

వచ్చిన కొలతలను పనిపుస్తకములో వ్రాసి, మేస్త్రీ చేతను వడ్రంగి చేతను సంతకము పెట్టింపుడు. దీనివలన వారిని అవమానించినట్లు కాదు. మంచి పనివాడు తన పనిని చూచువారున్నందుకు సంతసించునే గాని కోపగించుకొనడు. ఆ గ్రామములో ధాన్యము తడిసిన యింటి మేస్త్రీయు చెడ్డవాడు కాడు. ఆనాడు అతనిని అడిగిన వారు లేకపోయిరి, అంతియే.

ద్వారబంధమునకు పసుపు పూయునపుడు ఊరివారందరము పోవుదుము. ఇకమీదట ట్రస్సులకు గుర్తులు పెట్టునాడును మనలో ఒకరు పోవుదము గాక. టేపు మరచిన వారికి అందించుటకు పంచాయతీ కార్యాలయములో ఒక మంచి ఉక్కు టేపును కొని యుంచుడని మనవి చేయుచు, ఇంతతో ముగించుచున్నాము.